రూట్ కెనాల్ చేయించుకోవాలా, పన్ను పీకించేసుకోవాలా? కుర్చీలో కూర్చునే ముందు తెలియాల్సిన విషయాలు

ఈ ఎపిసోడ్ ప్లాన్ చేసింది కాదు. పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే ఆరింటికి ఊరి నుంచి అమ్మ ఫోన్ చేసింది. ఆ టైమ్‌లో ఫోన్ వస్తే ఎవరికైనా గుండె గుభేల్‌మంటుంది కదా. ఎత్తగానే, "ఒరేయ్, రాత్రంతా నిద్ర లేదురా. పై దవడ పన్ను తినేస్తోంది. డాక్టర్ దగ్గరికి వెళ్తే రూట్ కెనాల్ అంటున్నాడు, క్యాప్ అంటున్నాడు, వేలకి వేలు అంటున్నాడు. పీకించేస్తే పోలా?" అంది.

నేను ఆ క్షణంలో "వద్దు, పీకించొద్దు" అని ఠక్కున చెప్పేశాను. "ఎందుకు?" అని అడిగితే సరిగ్గా సమాధానం చెప్పలేకపోయాను. అప్పటికే నాకు ఒక రూట్ కెనాల్ జరిగింది, ఆ పన్ను కూడా పోగొట్టుకున్నాను. అంత అనుభవం ఉండి కూడా అసలు లోపల ఏం జరుగుతుందో నాకే తెలీదు. అందుకే కూర్చుని చదివాను, ఇద్దరు డెంటిస్టులతో మాట్లాడాను. అమ్మకి ఏం చెప్పానో అదే ఇప్పుడు మీకు చెప్తున్నా. నేను డాక్టర్ని కాదు, బీటెక్ చదివి కోడ్ రాసుకునేవాణ్ణి. మీ పన్ను గురించి ఫైనల్ మాట మీ డాక్టర్‌దే. కానీ డాక్టర్ చెప్పేది అర్థం కావాలంటే, సరైన ప్రశ్న అడగాలంటే, ఇది ఉపయోగపడుతుంది.

ముందు పన్ను లోపల ఏముందో చూద్దాం

బయట నుంచి చూస్తే పన్ను ఒక రాయిలా ఉంటుంది. లోపల మూడు పొరలు. పైన తెల్లగా కనిపించేది ఎనామెల్, మన శరీరంలో అన్నిటికంటే గట్టి పదార్థం ఇదే. దాని కింద డెంటిన్, కొంచెం పసుపుగా ఉంటుంది, దాంట్లో సన్నని గొట్టాలు ఉంటాయి. మధ్యలో ఒక చిన్న గది, ఆ గదిలో మెత్తని కణజాలం. దాన్నే పల్ప్ అంటారు. నరాలు, రక్తనాళాలు అన్నీ అందులోనే. ఆ గది నుంచి వేళ్ల లోపలికి సన్నని దారులు దిగుతాయి. ఆ దారులే రూట్ కెనాల్స్. అంటే రూట్ కెనాల్ అనేది ట్రీట్‌మెంట్ పేరు కాదు, ప్రతి పన్నులోనూ పుట్టుకతోనే ఉండే దారి పేరు. ట్రీట్‌మెంట్ అంటే ఆ దారిని శుభ్రం చేసి మూసేయడం.

ముందు పళ్లకి సాధారణంగా ఒక దారి ఉంటుంది. కింద దవడ పళ్లకి మూడు, ఒక్కోసారి నాలుగు. పై దవడ పళ్లకి కూడా మూడు లేదా నాలుగు, ఆ నాలుగోది దొరకడం కష్టం. అందుకే ముందు పన్నుకి ఒక రేటు, దవడ పన్నుకి ఇంకో రేటు చెప్తారు. పని అంత ఎక్కువ అన్నమాట.

పన్ను పుచ్చడం మొదలైనప్పుడు ఎనామెల్ దగ్గర నొప్పే ఉండదు, అక్కడ నరం లేదు కాబట్టి. డెంటిన్ దాకా వచ్చాక చల్లనివి, తీపివి తగిలితే జివ్వుమంటుంది. ఇంకా లోపలికి వెళ్లి సూక్ష్మజీవులు పల్ప్‌ని చేరితే అది వాస్తుంది. ఇక్కడే అసలు సమస్య. కాలు వాస్తే చర్మం సాగుతుంది, వాపుకి చోటు ఉంటుంది. పన్ను లోపల గోడలన్నీ రాయి. వాపుకి చోటు లేదు. ఆ ఒత్తిడంతా నరం మీదే పడుతుంది. పంటి నొప్పి అంత భయంకరంగా ఉండటానికి కారణం ఇదే. రాత్రి పడుకోగానే ఎక్కువవుతుంది చూడండి, పడుకున్నప్పుడు తలవైపు రక్తపు ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి.

మీ నొప్పి ఏం చెప్తోంది?

అన్ని పంటి నొప్పులకీ రూట్ కెనాల్ అక్కర్లేదు. ఇది గుర్తు పెట్టుకోండి.

చల్లటి నీళ్లు తాగితే జివ్వుమని, నీళ్లు మింగేసిన కొన్ని సెకన్లలో తగ్గిపోతే, చాలాసార్లు పల్ప్ ఇంకా కోలుకునే స్థితిలో ఉన్నట్టు. పుచ్చు తీసి సిమెంట్ పెడితే సరిపోవచ్చు. కొందరికి పుచ్చే ఉండదు, చిగురు కిందికి జారి వేరు బయటపడటం వల్ల జివ్వుమంటుంది. దానికి దారి వేరు.

నీళ్లు మింగేశాక కూడా నొప్పి అర నిమిషం, నిమిషం, ఇంకా ఎక్కువ సాగితే, ఏమీ తినకపోయినా దానంతట అదే మొదలైతే, రాత్రి నిద్రలోంచి లేపితే, వేడి టీ తగిలితే పెరిగితే, అప్పుడు పల్ప్ వెనక్కి తిరిగి రాని స్థితికి వెళ్లిపోయి ఉండొచ్చు. ఈ స్టేజ్‌లో సిమెంట్ పెట్టి మూసేస్తే లాభం లేదు.

కొరికితే నొప్పి, పన్ను కొంచెం పైకి లేచినట్టు అనిపించడం, చిగురు మీద చీము పొక్కు, ముఖం వాపు, ఇవన్నీ ఇన్ఫెక్షన్ వేరు చివర దాటి ఎముక దాకా వెళ్లిందని చెప్పే గుర్తులు.

డాక్టర్ ఇవన్నీ ఊహించి చెప్పకూడదు. చల్లటి పదార్థం పన్నుకి తాకించి చూస్తారు, పన్ను మీద మెల్లగా తట్టి చూస్తారు, చిన్న ఎక్స్‌రే తీస్తారు. పక్క పన్నుతో పోల్చి చూస్తారు. ఎందుకంటే నొప్పి ఒక పన్నులో ఉంటే మనకి ఇంకో పన్నులో ఉన్నట్టు అనిపించడం చాలా మామూలు. పై పన్నులో సమస్య ఉంటే కింద పన్ను చూపించేవాళ్లు కూడా ఉంటారు. ఏ టెస్టూ చేయకుండా, ఎక్స్‌రే తీయకుండా "రూట్ కెనాల్ పడుతుంది" అంటే ఆగి అడగండి.

నొప్పి ఆగిపోయింది, హమ్మయ్య... అనుకోకండి

ఇక్కడ నా కథ చెప్పాలి. 2021లో, వర్క్ ఫ్రమ్ హోమ్ రోజులు. కింద ఎడమ దవడ పన్ను నొప్పి మొదలైంది. రిలీజ్ దగ్గర పడింది, టైమ్ లేదు. మెడికల్ షాపుకి వెళ్లి "పంటి నొప్పి" అంటే ఒక స్ట్రిప్ చేతిలో పెట్టాడు. నాలుగు రోజులు నరకం. ఐదో రోజు పొద్దున్న లేస్తే నొప్పి లేదు. ఐస్‌క్రీమ్ తిన్నా ఏం కాలేదు. "తగ్గిపోయింది రా బాబూ" అనుకున్నా.

తగ్గలేదు. నరం చచ్చిపోయింది.

సర్వర్ నుంచి అలర్ట్స్ రావడం ఆగిపోతే రెండు అర్థాలు. ఒకటి, సమస్య తీరింది. రెండు, అలర్ట్ పంపే మెషీనే పడిపోయింది. నా పన్నులో జరిగింది రెండోది. చచ్చిన పల్ప్ సూక్ష్మజీవులకి విందు భోజనం. అవి లోపలే పెరిగి, వేరు చివర నుంచి దవడ ఎముకలోకి వెళ్తాయి. నాలుగు నెలల తర్వాత ఒక రోజు నిద్ర లేచేసరికి నా చెంప నిమ్మకాయంత వాచింది.

కాబట్టి ఘోరమైన నొప్పి వచ్చి, ట్రీట్‌మెంట్ లేకుండా దానంతట అదే మాయమైతే, అది శుభవార్త కాదు. ఆ వారంలోనే చూపించుకోండి.

యాంటీబయాటిక్ వేసుకుంటే పోదా?

మనలో చాలామంది చేసేది ఇదే. పంటి నొప్పి వస్తే ఒక యాంటీబయాటిక్, ఒక పెయిన్ కిల్లర్. లాజిక్‌తో ఆలోచించండి. మందు ఎలా పనిచేస్తుంది? రక్తం ద్వారా ఆ చోటికి చేరాలి. పల్ప్ చచ్చిపోయాక పన్ను లోపలికి రక్తం పోదు. రోడ్డే లేని ఊరికి డెలివరీ ఎలా వెళ్తుంది? వేరు బయట ఉన్న ఇన్ఫెక్షన్ కొంచెం తగ్గొచ్చు, కానీ మూలం లోపల క్షేమంగా ఉంటుంది. మందు ఆపగానే మళ్లీ మొదలు.

అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లో ఇచ్చిన గైడ్‌లైన్ కూడా ఇదే మాట అంటుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో పల్ప్ వల్ల వచ్చే నొప్పికి, వేరు దగ్గర వాపుకి చాలా సందర్భాల్లో యాంటీబయాటిక్ అక్కర్లేదు, పన్నుకి చేయాల్సిన చికిత్స చేయాలి అని. జ్వరం, నీరసం లాంటివి ఉండి ఇన్ఫెక్షన్ ఒంట్లోకి పాకుతుంటే మాత్రం యాంటీబయాటిక్ అవసరం. అది డాక్టర్ రాయాలి, మెడికల్ షాప్ అన్న కాదు.

నొప్పి మాత్రల విషయంలో కూడా ఒక మాట. కిడ్నీ సమస్య, అల్సర్, ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ఐబుప్రొఫెన్ లాంటివి సొంతంగా వేసుకోకూడదు. ఇంకొకటి, మాత్ర నలిపి చిగురు మీద పెట్టడం. మా ఊళ్లో ఇది చూశాను. ఆస్పిరిన్ అలా పెడితే చిగురు కాలిపోతుంది, నొప్పి తగ్గదు. లవంగ నూనె కొంచెం ఉపశమనం ఇస్తుంది, నిజమే. అందులో ఉండే యూజినాల్‌ని డెంటిస్టులు కూడా తాత్కాలిక సిమెంట్‌లో వాడతారు. కానీ అది డాక్టర్ దగ్గరికి వెళ్లేదాకా ఆగడానికే, చికిత్స కాదు.

కుర్చీలో అసలు ఏం జరుగుతుంది?

భయం ఎక్కువగా తెలియకపోవడం వల్లే వస్తుంది. కాబట్టి స్టెప్ బై స్టెప్ చూద్దాం.

మొదట మత్తు ఇంజక్షన్. సూది గుచ్చినప్పుడు చిన్న చురుకు. ఐదు పది నిమిషాల్లో పెదవి, చెంప మొద్దుబారతాయి.

తర్వాత రబ్బర్ డ్యామ్. పల్చటి రబ్బరు షీటుకి కన్నం పెట్టి, ఆ ఒక్క పన్ను మాత్రమే బయటికి వచ్చేలా తొడుగుతారు. 1864 నుంచి ఉన్న ఐడియా ఇది. ఎందుకంటే మనం శుభ్రం చేస్తున్నదే సూక్ష్మజీవుల్ని, ఆ టైమ్‌లో ఉమ్మి లోపలికి పోతే చేసిందంతా వృథా. పైగా చిన్న పరికరాలు జారి గొంతులోకి పోకుండా, మందు నీళ్లు నోట్లోకి రాకుండా కాపాడుతుంది. మన దగ్గర చాలా క్లినిక్‌లలో ఇది వాడరు. మీరు అడగొచ్చు. అడగడం తప్పు కాదు.

తర్వాత పన్ను పైనుంచి చిన్న కన్నం చేసి పల్ప్ గదిని తెరుస్తారు. వాపు, చీము ఒత్తిడి ఉంటే ఇక్కడే చాలా వరకు రిలీఫ్ వస్తుంది. అప్పుడు ఫైల్స్ అనే సన్నని సూదుల్లాంటి పరికరాలతో దారుల్ని శుభ్రం చేస్తారు. ఎంత సన్నం అంటే, 10 నంబర్ ఫైల్ కొన 0.10 మిల్లీమీటర్ మాత్రమే. దారి ఎంత పొడవుందో కొలవడానికి ఎక్స్‌రే గానీ, ఎపెక్స్ లొకేటర్ అనే ఎలక్ట్రానిక్ మీటర్ గానీ, రెండూ గానీ వాడతారు. "బీప్ బీప్" అని వినిపిస్తుందే, అదే. వేరు చివర దాటి వెళ్లకూడదు, ముందే ఆగిపోకూడదు. అందుకే ఆ కొలత అంత ముఖ్యం.

ఫైల్ ఒక్కటే సరిపోదు. దారుల పక్కన సన్నని సందులు ఉంటాయి, అక్కడికి ఇనుము చేరదు. అందుకే సోడియం హైపోక్లోరైట్‌తో మళ్లీ మళ్లీ కడుగుతారు. ఇంట్లో బట్టలకి వాడే బ్లీచ్‌లో ఉండేదే. మందులాంటి ఘాటు వాసన దానిదే. డాక్టర్ పది సార్లు నీళ్లు కొడుతున్నాడని విసుక్కోకండి, అసలు పని అదే.

చివరికి ఖాళీ దారుల్ని గట్టా పెర్చా అనే రబ్బరు లాంటి పదార్థంతో నింపేస్తారు. ఇది ఆగ్నేయాసియాలో పెరిగే ఒక చెట్టు పాల నుంచి వస్తుంది. మన ఐటీ వాళ్లకి నచ్చే విషయం ఏంటంటే, 1851లో ఇంగ్లాండ్, ఫ్రాన్స్ మధ్య సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ కేబుల్‌కి ఇన్సులేషన్ ఇదే. నీళ్లు లోపలికి రానివ్వదు, ఒంటికి పడుతుంది. పన్ను లోపలా దానికి ఇదే డ్యూటీ.

ఇదంతా ఒక్క సిట్టింగ్‌లో అయిపోవచ్చు, రెండు మూడు పట్టొచ్చు. చీము ఎక్కువ ఉంటే లోపల మందు పెట్టి తాత్కాలికంగా మూసి వారం తర్వాత రమ్మంటారు. ఒక్క సిట్టింగ్ అంటే గొప్ప, మూడు అంటే డబ్బులు లాగడం అని కాదు. పన్ను పరిస్థితిని బట్టి ఉంటుంది. కానీ మధ్యలో మానేయడం మాత్రం అన్నిటికంటే చెడ్డది. నొప్పి తగ్గిందని రెండో సిట్టింగ్‌కి వెళ్లనివాళ్లు చాలామంది. తాత్కాలిక సిమెంట్ వారాలకి అరిగిపోతుంది, మళ్లీ లోపలికి తలుపు తెరిచినట్టే.

నొప్పి ఉంటుందా, ఉండదా?

నిజం చెప్తా. మత్తు సరిగ్గా పడితే పని జరుగుతున్నంతసేపు కదలిక, ఒత్తిడి తెలుస్తాయి తప్ప నొప్పి తెలీదు. కానీ బాగా మంటెక్కిన పన్నుకి, ముఖ్యంగా కింద దవడ పన్నుకి, ఒక ఇంజక్షన్ సరిపోకపోవచ్చు. ఇది డాక్టర్లకి బాగా తెలిసిన విషయమే. అదనంగా ఇవ్వడానికి వేరే పద్ధతులు ఉన్నాయి. మీరు చేయాల్సింది ఓర్చుకోవడం కాదు. మొదలుపెట్టే ముందే "నొప్పి వస్తే ఎడమ చెయ్యి ఎత్తుతాను, ఆపండి" అని చెప్పుకోండి.

మత్తు దిగిపోయాక రెండు మూడు రోజులు, ఒక్కోసారి వారం, కొరికితే నొప్పిగా ఉంటుంది. మామూలే. డాక్టర్ రాసిన మాత్రలు చాలు. పెదవి మొద్దుగా ఉన్నప్పుడు వేడి టీ తాగొద్దు, ఏమీ నమలొద్దు. తెలియకుండా చెంప కొరికేసుకుంటారు.

ఇది మాత్రం సీరియస్‌గా వినండి. వాపు పెరుగుతూ కంటి దాకా గానీ, గడ్డం కింద మెడ దాకా గానీ వెళ్తే, నోరు తెరుచుకోకపోతే, మింగడం కష్టమైతే, ఊపిరి ఆడనట్టు ఉంటే, జ్వరంతో వణుకు వస్తే, అది రేపటిదాకా ఆగే విషయం కాదు. అప్పుడు క్లినిక్ అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా నేరుగా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. దవడ కింద వాపు గాలి పోయే దారిని మూసేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

నేను చేసిన రెండో తప్పు: క్యాప్

చెంప వాచాక నేను రూట్ కెనాల్ చేయించుకున్నా. మూడు సిట్టింగ్‌లు. బాగా చేశారు. "నెలలోపు వచ్చి క్యాప్ వేయించుకోండి" అని డాక్టర్ చెప్పారు. నొప్పి లేదు. పన్ను బాగానే ఉంది. క్యాప్ డబ్బులతో హెడ్‌ఫోన్స్ కొన్నా. నిజంగానే.

ఎనిమిది నెలల తర్వాత సంక్రాంతికి ఇంటికెళ్లి చెగోడీ కొరికాను. "టక్" మని సౌండ్. పన్ను నిలువునా చీలింది, వేరు దాకా. డాక్టర్ ఎక్స్‌రే చూసి తల అడ్డంగా ఊపారు. పీకేయడం తప్ప దారి లేదు.

ఎందుకు చీలింది? పుచ్చు వల్ల కొంత, లోపలికి దారి చేయడం వల్ల కొంత, పన్ను పదార్థం పోతుంది. మిగిలింది పల్చటి గోడలు. దవడ పన్ను మీద నమిలేటప్పుడు పడే బరువుకి ఆ గోడలు విడిపోతాయి. క్యాప్ అంటే ఆ గోడల్ని చుట్టూ పట్టుకునే కట్టు. బండి చక్రానికి ఇనుప పట్టా వేస్తారు చూడండి, అలాంటిది. కాబట్టి దవడ పళ్లకి రూట్ కెనాల్, క్యాప్ రెండూ కలిపితేనే ఒక ట్రీట్‌మెంట్. ముందు పళ్లలో పుచ్చు చిన్నదైతే ఒట్టి ఫిల్లింగ్‌తో సరిపోవచ్చు, డాక్టర్ని అడగండి.

క్యాపుల్లో మెటల్, మెటల్ మీద సిరామిక్, జిర్కోనియా అని రకాలు. బయటికి కనపడని వెనక పన్నుకి ఖరీదైనదే వేయించుకోవాలని రూల్ లేదు. మెటల్ క్యాప్ కూడా గట్టిగా పనిచేస్తుంది. డబ్బులు తక్కువుంటే క్యాప్ మానేయకండి, చవక క్యాప్ అడగండి.

ఇంకో సంగతి, క్యాప్ వేసినా చిగురు దగ్గర పన్ను మళ్లీ పుచ్చొచ్చు. లోపల నరం లేదు కాబట్టి ఈసారి నొప్పి హెచ్చరిక రాదు. బ్రష్ మానొద్దు, పళ్ల మధ్య ఫ్లాస్ చేయండి, అప్పుడప్పుడు చెకప్‌కి వెళ్లండి.

మరి పీకించేస్తే పోలా?

అమ్మ ప్రశ్నకి వద్దాం. పీకించడం తప్పు కాదు. పన్ను నిలువునా చీలితే, చిగురు కిందికి విరిగిపోతే, పట్టి ఉంచే ఎముక కరిగిపోతే, పీకడమే సరైన వైద్యం. జ్ఞానదంతం అయితే చాలాసార్లు పీకేస్తారు, దాని స్థానంలో ఏమీ పెట్టక్కర్లేదు.

కానీ నమిలే పన్ను తీసేస్తే కథ అక్కడితో అయిపోదు. పక్క పళ్లు ఖాళీలోకి ఒరుగుతాయి, ఎదుటి పన్ను కిందికో పైకో జారుతుంది, ఆ చోట ఎముక నెమ్మదిగా తగ్గుతుంది. ఆ ఖాళీ పూడ్చాలంటే బ్రిడ్జ్ పెట్టాలి, దానికి రెండు పక్కల మంచి పళ్లని అరగదీయాలి. లేదా ఇంప్లాంట్, అంటే ఎముకలో టైటానియం స్క్రూ. అది నెలల పని. నాకు క్యాప్ మీద మిగిల్చిన డబ్బుకి ఎన్నో రెట్లు ఇంప్లాంట్‌కి అయింది. రూట్ కెనాల్ సరిగ్గా చేసి క్యాప్ వేస్తే పదిలో ఎనిమిది తొమ్మిది పళ్లు ఏళ్ల తరబడి నిలుస్తాయి. మిగతావాటిలో మళ్లీ తెరిచి చేయాల్సి రావచ్చు, లేదా వేరు చివర చిన్న సర్జరీ పడొచ్చు. వంద శాతం గ్యారంటీ ఇచ్చేవాళ్లని నమ్మొద్దు.

మూడు అపోహలు

ఒకటి, "పై పళ్లు ముట్టుకుంటే కళ్లు పోతాయి". అమ్మ భయం ఇదే. పంటి నరం వేరు, చూపు నరం వేరు. రూట్ కెనాల్ చేసినా, పీకినా చూపు తగ్గదు. నిజానికి కంటి వైపు ప్రమాదం ఇన్ఫెక్షన్‌ని వదిలేయడం వల్లే.

రెండు, "రూట్ కెనాల్ చేస్తే క్యాన్సర్ వస్తుంది". దీని మూలం దాదాపు వందేళ్ల నాటిది. వెస్టన్ ప్రైస్ అనే అమెరికన్ డెంటిస్ట్ పీకిన పళ్లని కుందేళ్లలో పెట్టి ప్రయోగాలు చేసి, 1923లో పుస్తకం వేశాడు. ఆ ప్రయోగాలు సరిగ్గా చేయలేదని తర్వాత తేలిపోయింది. 2018లో "రూట్ కాజ్" అనే డాక్యుమెంటరీ అదే వాదన మళ్లీ తెచ్చింది, డెంటిస్టులు గట్టిగా అభ్యంతరం చెప్పారు, 2019లో నెట్‌ఫ్లిక్స్ దాన్ని తీసేసింది. కానీ ముక్కలు ముక్కలుగా వాట్సాప్‌లో ఇంకా తిరుగుతూనే ఉంది.

మూడు, "నరం తీసేస్తే అది చచ్చిన పన్ను". పన్ను పెరిగేటప్పుడు పల్ప్ చాలా అవసరం. పూర్తిగా పెరిగాక, వేరు చుట్టూ ఉన్న కణజాలం దాన్ని పట్టి ఉంచుతుంది, పోషిస్తుంది. అందుకే నరం లేకపోయినా దాంతో హాయిగా నమలొచ్చు.

డబ్బులు, డాక్టర్, అడగాల్సిన ప్రశ్నలు

బీడీఎస్ చదివి రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయిన ఏ డెంటిస్ట్ అయినా రూట్ కెనాల్ చేయొచ్చు. దీనికే స్పెషలిస్టులు ఎండోడాంటిస్టులు, బీడీఎస్ తర్వాత మూడేళ్ల ఎండీఎస్ చేసినవాళ్లు. వంకర దారులున్న పన్ను, ఒకసారి చేసి ఫెయిలైన పన్ను అయితే స్పెషలిస్ట్ దగ్గరికి వెళ్లడం మంచిది. సర్టిఫికెట్ లేకుండా చేసేవాళ్ల దగ్గరికి మాత్రం, ఎంత చవకైనా, వెళ్లొద్దు.

ఖర్చు భయపెడితే డెంటల్ కాలేజీ హాస్పిటల్స్ ఉన్నాయి. హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్ దగ్గర, విజయవాడలో, కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలు ఉన్నాయి. అక్కడ ప్రొఫెసర్ల పర్యవేక్షణలో విద్యార్థులు చేస్తారు. టైమ్ ఎక్కువ పడుతుంది, తిరగాలి, కానీ ఖర్చు చాలా తక్కువ. ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకోకండి. చాలా హెల్త్ పాలసీల్లో యాక్సిడెంట్ అయితే తప్ప పళ్ల వైద్యం రాదు. మీ పాలసీ ఒకసారి తెరిచి చూసుకోండి, కొన్ని కంపెనీల ఓపీడీ బెనిఫిట్‌లో ఉంటుంది.

కుర్చీ ఎక్కే ముందు ఈ ప్రశ్నలు అడగండి, కావాలంటే స్క్రీన్‌షాట్ తీసుకోండి:

1. ఈ పన్నుకి రూట్ కెనాలే ఎందుకు? ఫిల్లింగ్‌తో పోదా? ఎక్స్‌రేలో నాకు చూపిస్తారా?
2. రూట్ కెనాల్, పైన ఫిల్లింగ్, క్యాప్, అన్నీ కలిపి మొత్తం ఎంత?
3. ఎన్ని సిట్టింగ్‌లు? క్యాప్ ఎన్ని రోజుల్లో వేయాలి?
4. రబ్బర్ డ్యామ్ వాడతారా? పరికరాలు ఆటోక్లేవ్ చేసినవేనా?
5. అయిపోయాక ఫైనల్ ఎక్స్‌రే కాపీ నాకు ఇస్తారా?

ఐదోది చాలామంది అడగరు. రేపు ఏదైనా తేడా వస్తే ఇంకో డాక్టర్‌కి మీ పన్ను చరిత్ర అదే. ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.

మీ వైపు నుంచి చెప్పాల్సినవి కూడా ఉన్నాయి. షుగర్, బీపీ, గుండె జబ్బు, ఏ మందులు వాడుతున్నారు, ఏ మందు పడదు, గర్భవతా, ఇవన్నీ దాచకుండా చెప్పండి. రక్తం పలచబడే మందులు మీ అంతట మీరు ఆపేయకండి.

అమ్మ ఏం చేసింది?

ఇదంతా ఫోన్‌లో ఒక గంట చెప్పా. అంతా విని, "అయితే నీకు ముందే తెలిసుంటే ఆ చెగోడీ పన్ను ఉండేది కదరా" అంది. నోరు మూసుకున్నా.

తర్వాతి వారం సెలవు పెట్టి వెళ్లాను. అమ్మకి షుగర్ ఉంది, ముందు షుగర్ టెస్ట్ చేయించాం, కొంచెం ఎక్కువ ఉంది. కంట్రోల్‌లో లేకపోతే పుండు మానడం ఆలస్యమవుతుందని డాక్టర్ మందులు సరిచేసుకుని రమ్మన్నారు. మొదటి సిట్టింగ్‌లో చీము తీసి మందు పెట్టారు. ఆ రాత్రి అమ్మ వారం తర్వాత మొదటిసారి పూర్తిగా నిద్రపోయింది. నిన్ననే నాలుగో దారి కూడా దొరికిందని, దారులన్నీ నింపేశారని చెప్పింది. క్యాప్ వచ్చే పదిహేనున. మెటలే చెప్పింది, "లోపల పన్ను, ఎవరు చూస్తార్రా" అంటూ. ఆ తారీఖు నా క్యాలెండర్‌లో అలారం పెట్టాను, ఈసారి స్నూజ్ కొట్టను.

మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు ఒక పక్కే నములుతూ ఉంటారు. అడిగితే "ఏం లేదులే" అంటారు. ఈరోజు భోజనం దగ్గర ఒకసారి గమనించండి. ఉంటా మరి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.